‘అమ్మకానికి కాదు’ – ఊరికే పంచిన రికార్డుల కథ

డాక్టరు గారి దర్శనం లేకుండా నెల గడిపే సభ్యులు మనలో తక్కువే. ఆయన బల్ల సొరుగులోంచి అప్పుడప్పుడు ఉచితంగా తీసి ఇచ్చే మాత్రల అట్ట మీద ‘ఫిజీషియన్స్ శాంపిల్ – నాట్ టు బి సోల్డ్’ అని చిన్న అక్షరాలు ఉంటాయి. ఉపాధ్యాయులుగా పనిచేసిన వారికి ప్రచురణకర్తలు పంపే ‘స్పెసిమెన్ కాపీ’ గుర్తుండే ఉంటుంది. లోపలి సరుకు బజారులో దొరికేదే. తేడా అల్లా పైన కొట్టిన ముద్ర. పాటల రికార్డుల వ్యాపారంలోనూ ఇలాంటి శాంపిళ్ళు ఉండేవి. రేడియో వారికి, పత్రికల వారికి కంపెనీలు ఊరికే పంచిన ఆ రికార్డులను వెతికి పోగుచేసేవారు ఇంగ్లండు, అమెరికా, జపాను దేశాల్లో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. కొన్నింటి ధర మన జీవితకాలపు గ్రాట్యుటీని మించుతుంది. పాశ్చాత్య సంగీతంతో మనకేం పని అని పేజీ తిప్పేయకండి. ఇందులో పాట కన్నా ముద్ర, నంబరు, తేదీ, అచ్చుతప్పు వంటి సంగతులే ఎక్కువ. ఫైళ్ళ మధ్య బతికిన మనకు ఇవేమీ కొత్త కావు.

ముందు సింగిల్ అంటే ఏమిటో రెండు మాటలు. మన చిన్నతనంలో గ్రామఫోను ప్లేటు అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేటు. చేయి జారితే ముక్కలే. 1949లో అమెరికాలో ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీ నిమిషానికి 45 చుట్లు తిరిగే 7 అంగుళాల రికార్డును తెచ్చింది. తేలిక, సులభంగా పగలదు, ధరా తక్కువ. వైపుకు ఒక పాట. కంపెనీ నమ్ముకున్న పాట ‘ఎ’ వైపు, జతగా వేసింది ‘బి’ వైపు. ఇదే సింగిల్. మన సినిమా పాటల ఈ.పి. రికార్డులు కూడా ఈ కొలతవే. 1950ల మధ్య నుంచి గిటార్లు, డ్రమ్ములతో యువతను ఊపేసిన రాక్ సంగీతం ఈ చిన్న ప్లేటు మీదే ఊరూరా తిరిగింది.

కొత్త పాట జనం చెవిన పడాలంటే ఆ రోజుల్లో రేడియోయే దారి. కాబట్టి రికార్డు దుకాణాలకు చేరకముందే కంపెనీ కొన్ని ప్రతులు విడిగా అచ్చువేసి రేడియో స్టేషన్లకు పంపేది. రంగు లేబులుకు బదులు చాలా వాటికి తెల్ల లేబులు. దాని మీద ‘ప్రదర్శన కోసం, అమ్మకానికి కాదు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముద్ర. ఏ వైపు వేయాలో పొరపాటు పడకుండా పెద్ద ‘ఎ’ అక్షరం. అమెరికాలో 1960ల చివరి నుంచి ఇంకో తెలివి ప్రదర్శించారు. ఏ.ఎం. స్టేషన్ల కోసం ఒక వైపు మోనోలోనూ, ఎఫ్.ఎం. స్టేషన్ల కోసం రెండో వైపు స్టీరియోలోనూ అదే పాట వేసేవారు. ఇక ఆ రేడియో అబ్బాయి ప్లేటును ఎటు తిప్పినా కంపెనీ కోరిన పాటే! వీటిని సేకర్తలు ముద్దుగా ‘ప్రోమో’ అంటారు.

ఉచిత ప్రతితో పాటు కవరులో ఇంకేదైనా పెట్టి పంపడం కూడా ఉండేది. పాట వేయడానికి రేడియో వారికి చాటుగా డబ్బు ముట్టజెప్పే ఈ అలవాటుకు అమెరికాలో ‘పేయోలా’ అని పేరు. 1959, 1960లలో అక్కడి పార్లమెంటు సంఘం దీని మీద విచారణ జరిపింది. 1960లో చట్టాన్ని సవరించి, బయటపెట్టకుండా డబ్బు పుచ్చుకోవడాన్ని నేరం చేశారు. రాక్ అండ్ రోల్ అన్న మాటను జనంలోకి తెచ్చిన అలన్ ఫ్రీడ్ అనే పేరుమోసిన రేడియో వ్యాఖ్యాత 1962లో లంచం నేరం ఒప్పుకుని జరిమానా కట్టాడు. జరిమానా చిన్నదే గాని ఉద్యోగ జీవితం అంతకుముందే ముగిసిపోయింది. డబ్బు కవర్ల మీద ఇంత గొడవ జరిగినా ఉచిత రికార్డును మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు. అది వ్యాపార మర్యాద కింద నిలిచిపోయింది.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. బి.బి.సి.లో రికార్డులు వేసే గంటలకు ఒప్పందం ప్రకారం పరిమితి ఉండేది. కుర్రకారు రాత్రిపూట రేడియో లక్సెంబర్గ్ పెట్టుకునేవారు. అందులో రికార్డు కంపెనీలు సమయం కొనుక్కుని తమ పాటలు వేసుకునేవి. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు తలుపు మూసినప్పుడు మనం రేడియో సిలోన్ ముల్లు వెతుక్కున్నట్టే.

ఇక అసలు కథకు వస్తాను. ఒక్క పాటను పట్టుకుని చూస్తే ఈ వ్యవహారమంతా బోధపడుతుంది. ఆ పాట ‘లవ్ మీ డూ’. పాడింది బీటిల్స్. లివర్‌పూల్ ఊరి నుంచి వచ్చిన నలుగురు కుర్రవాళ్ళు, ఇ.ఎం.ఐ. వారి పార్లోఫోన్ లేబులు మీద 1962 అక్టోబరు 5న విడుదలైన వారి మొదటి సింగిల్. దేశవ్యాప్త పట్టికలో 17వ స్థానం దాకా వెళ్ళింది. ఆనాటికి అది గొప్ప విజయమేమీ కాదు.

రేడియోలకు, పత్రికలకు పంచడానికి ఆ పాటను తెల్ల లేబులుతో, ఎర్రటి పెద్ద ‘ఎ’ అక్షరంతో 250 ప్రతులు అచ్చువేశారు. లేబులు కూర్చినవాడెవరో గాని రచయితల పేర్లలో మెకార్ట్నీ ఇంటిపేరులోని ఒక ‘సి’ అక్షరాన్ని మింగేశాడు. అమ్మకానికి వచ్చిన ఎర్ర లేబులు ప్రతుల్లో తప్పు దిద్దారు. మన ఆఫీసుల్లో అయితే సర్వీసు రిజిస్టరులో పేరు తప్పు పడితే పెన్షను ఆగిపోతుంది. అక్కడ తప్పు పడిన ప్రతికే విలువ పెరిగింది. 2017లో ఇలాంటి ప్రతి ఒకటి 14 వేల డాలర్లకు పైగా పలికింది. ఊరికే పంచిన వస్తువు అది!

అచ్చుతప్పు సరదా సంగతి. నాకు ఎక్కువ ముఖ్యంగా తోచేది వేరే. ‘లవ్ మీ డూ’ను వాళ్ళు ఆ సంవత్సరం మూడుసార్లు రికార్డు చేశారు. జూన్ 6న పరీక్ష కోసం పాడినప్పుడు డ్రమ్ములు వాయించింది పీట్ బెస్ట్. సెప్టెంబరు 4న రింగో స్టార్. అది నిర్మాతలకు తృప్తినివ్వక సెప్టెంబరు 11న ఆండీ వైట్ అనే స్టూడియో కళాకారుణ్ణి పిలిపించి, పాపం రింగో చేతికి గిలకల తప్పెట లాంటి టాంబొరీన్ ఇచ్చారు. అయినా మొదటి సింగిల్ మీద, ఆ 250 తెల్ల లేబుళ్ళ మీద కూడా, వచ్చింది సెప్టెంబరు 4 నాటి రింగో వాయిద్యమే. 1963లో ఆల్బం మీద, తర్వాతి ముద్రణల మీద ఆండీ వైట్ వాయించినది వేశారు. వినేటప్పుడు గుర్తు సులభం: టాంబొరీన్ మోగితే అది సెప్టెంబరు 11 నాటిది.

ఆ మార్పు తర్వాత సెప్టెంబరు 4 నాటి మాస్టరు టేపు మిగల్లేదు. అది ఒకనాటికి అవసరపడుతుందని ఎవరికీ తట్టలేదు. తర్వాత ప్రపంచ ప్రఖ్యాతి పొందిన బృందం మొదటి సింగిల్ అసలు ప్రతి వారి సొంత కంపెనీ బీరువాలోనే లేదు! 1982లో పాటకు ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా రెండు రకాలూ కలిపి 12 అంగుళాల రికార్డు వేశారు. 1988లో సీడీ సంకలనంలో రింగో వాయించిన రకాన్ని చేర్చారు. దానికి ఆధారం టేపు కాదు. బాగా నిలిచి ఉన్న 1962 నాటి ప్లేటు మీద ముల్లు పెట్టి, వచ్చిన శబ్దాన్నే శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించుకున్నారు. అసలు ఫైలు పోయినప్పుడు గుమాస్తా దగ్గర మిగిలిన కార్బను కాపీతో రికార్డును తిరిగి నిర్మించుకున్నట్టు. పాత ప్లేట్లు దాచేవాళ్ళను ఇంట్లోవాళ్ళు ఎన్ని మాటలన్నా, ఈ ఒక్క సంగతి చెప్పి నోరు మూయించవచ్చు.

ఒక ప్లేటు నిజంగా ఆ కాలానిదేనా అని సేకర్తలు ఎలా తేలుస్తారు? పాట ముగిశాక లేబులు చుట్టూ నున్నటి జాగా మిగులుతుంది కదా, అందులో గీసిన అంకెలు, అక్షరాలు చూస్తారు. మొదట కోసిన మెత్తటి ప్లేటు నుంచి నికెల్‌తో తిరగబడిన రూపం ఒకటి తీస్తారు, అది ‘తండ్రి’. దాని నుంచి తీసేది ‘తల్లి’. తల్లి నుంచి అచ్చుకొట్టే మూసలు తయారవుతాయి. మూస అరిగిపోతే మరొకటి వేస్తారు. ఇ.ఎం.ఐ. వారి ప్లేట్ల మీద ఎన్నో తల్లి, ఎన్నో మూస అన్న లెక్క ఉంటుంది. మూస లెక్కను అంకెల్లో వేయరు. గ్రామఫోను లిమిటెడ్ అన్న మాటల నుంచి ఏరుకున్న పది ఇంగ్లీషు అక్షరాలను వాడతారు. జి అంటే 1, ఆర్ 2, ఏ 3, ఎం 4, ఓ 5, పి 6, హెచ్ 7, ఎల్ 8, టి 9, డి సున్న. మన బట్టల కొట్టువాళ్ళు చీర చీటీ మీద కొన్న ధరను అక్షరాల్లో రాసుకునే కిటుకు లాంటిదే. ఒక్క ‘జి’ కనిపిస్తే మొదటి మూస. సేకర్త గుండె వేగంగా కొట్టుకునేది అక్కడే.

ప్రోమోలకు మాత్రమే వచ్చే జబ్బు ఒకటుంది. రేడియోలో పాట సరిగ్గా మాట ముగిసిన క్షణానే మొదలవ్వాలి. అందుకని వ్యాఖ్యాత ముల్లును పాట మొదట్లో ఆనించి, ప్లేటును చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించి, తగిన చోట ఆపి ఉంచుతాడు. అలా వందసార్లు జరిగితే మొదటి రెండు మూడు సెకన్ల గాడి అరిగి, పాట ముందు పెనం మీద నూనె చిటపటలాడిన చప్పుడు వస్తుంది. కాబట్టి కొనేవాళ్ళు ముందు ఆ చోటే వింటారు. ఏ మచ్చా లేని తెల్ల లేబులు దొరికిందంటే ఆ స్టేషను వారు దాన్ని పెద్దగా వేయలేదన్నమాట. కంపెనీ పంపిన పని నెరవేరని ప్రతికే ఎక్కువ ధర.

బీటిల్స్ వారిదే ఇంకో పాట ‘పెన్నీ లేన్’. 1967 జనవరి 17న డేవిడ్ మేసన్ అనే శాస్త్రీయ విద్వాంసుడు అందులో చిన్న ట్రంపెట్ వాయించాడు. అమెరికాలో క్యాపిటల్ కంపెనీ తొందర పెడుతున్నది. ఆ రాత్రే మోనో మిశ్రమం ఒకటి సిద్ధం చేసి పంపారు. దాంట్లో పాట చివర కూడా ట్రంపెట్ స్వరాలు కొన్ని ఉన్నాయి. తర్వాత మనసు మార్చుకుని జనవరి 25న ఆ చివరి స్వరాలు లేకుండా మళ్ళీ మిశ్రమం చేశారు. బజారులోకి వచ్చింది అదే. ఈలోగా అమెరికాలో రేడియోలకు ప్రోమోలు వెళ్ళిపోయాయి. కాబట్టి రేడియోలో విన్న ముగింపు, కొనుక్కున్న ప్లేటులో లేదు. విన్నది నిజమా, భ్రమా అనుకున్న శ్రోతలకు సమాధానం 1980లో దొరికింది. అరుదైన పాటల సంకలనంలో ఆ ముగింపును చేర్చి కంపెనీయే విడుదల చేసింది. ఈ ప్రోమో నంబరు 5810 ముందు ‘పి’ అక్షరం ఉంటుంది. పేరులో పెన్నీ ఉందిగాని ధర పెన్నీలలో లేదు.

మన దేశానికి దగ్గర చుట్టరికం ఉన్న పాట ‘బొహీమియన్ రాప్సొడీ’. 1975లో క్వీన్ బృందం పాడింది. దాని గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరూఖ్ బల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ, చదువుకున్నది మహారాష్ట్రలోని పంచగని బడిలో. దాదాపు ఆరు నిమిషాల పాట రేడియోకు పనికిరాదని పెద్దలన్నారు. ముందస్తు ప్రతి చేతికి వచ్చిన కెన్నీ ఎవెరెట్ అనే లండన్ వ్యాఖ్యాత రెండు రోజుల్లో 14 సార్లు వేశాడు. ఇక దుకాణాల ముందు జనమే. 1978లో ఎగుమతులకు రాణి గారి పురస్కారం వచ్చిన సందర్భంగా ఇ.ఎం.ఐ. ఆ పాటను నీలి రంగు వినైల్ మీద 200 ప్రతులు మాత్రం వేసి, చేత్తో నంబర్లు రాసి అతిథులకు పంచింది. ఇది రేడియో ప్రోమో కాదు గాని ‘ఊరికే పంచినవి’ అన్న జాబితాలో దీన్ని వదిలేసే సేకర్త నాకైతే తెలియదు.

1982 అక్టోబరులో జపానులో సీడీ అమ్మకానికి వచ్చింది. ఆ దశాబ్దం రెండో సగంలో ప్రోమోలు కూడా సీడీల మీదకు మారాయి. సీడీ ప్రోమో చూడటానికి పేలవంగా ఉంటుంది, తెల్ల లేబులు ప్లేటుకున్న అందం దానికి లేదు. ఉపయోగం మాత్రం వేరే రకంగా ఉంది. ఒకే పాట రేడియోకు కత్తిరించిన రూపం, ఆల్బం రూపం, పక్కనే పది సెకన్ల తునక ఒకటి. ఆ తునక ఎందుకంటే, స్టేషన్లు శ్రోతలకు ఫోను చేసి దాన్ని వినిపించి ‘ఈ పాట నచ్చిందా?’ అని అడిగేవి. పాట భవిష్యత్తు పది సెకన్లలో తేలిపోయేదన్నమాట. 1990లలో ఏ లెక్కన పాటలను ఎంచేవారో తెలియాలంటే ఈ సీడీలే సాక్ష్యం. దుకాణంలో అమ్మిన సీడీలో ఆ తునక ఉండదు.

సీడీ సింగిళ్ళలో నన్ను బాగా కదిలించినది అమెరికా బృందం నిర్వానా వారి ‘పెన్నీరాయల్ టీ’. 1994 ఏప్రిల్లో విడుదల కావలసింది. ఏప్రిల్ 5న గాయకుడు కర్ట్ కొబేన్ 27 ఏళ్ళ వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. జతగా వేసిన రెండో పాట పేరు అలాంటి వేళ ఎవరూ పైకి అనలేని పేరు. విడుదల ఆపేసి, అప్పటికే జర్మనీలో అచ్చయిన సీడీలను వెనక్కి తీసుకుని నాశనం చేయించారు. కొన్ని తప్పించుకున్నాయి. వాటి కోసం వేలు పోసేవారు ఉన్నారు. ఇరవయ్యేళ్ళ తర్వాత, 2014లో ఆ సింగిల్‌ను 7 అంగుళాల ప్లేటుగా మళ్ళీ వేశారు. అయినా మొదటి ముద్రణ ధర పడిపోలేదు. ఒక కుర్రవాడి మరణం వల్ల వచ్చిన అరుదుదనానికి వెల కట్టడం నా మనసుకు ఎక్కదు, కాని బజారుకు అలాంటి బాధలుండవు.

ధర ఉన్నచోట నకిలీ తప్పదు. కంప్యూటరు ఉన్న ప్రతివాడూ సీడీ కాల్చగలడు, లేబులు అచ్చువేయగలడు. సీడీల లోపలి వలయంలో ఏ కర్మాగారంలో తయారైందో చెప్పే ‘ఐ.ఎఫ్.పి.ఐ.’ సంకేతం 1994 నుంచి మొదలైంది. 1990 నాటిదని అమ్మజూపే ప్రోమో మీద ఆ అక్షరాలు కనిపిస్తే బేరం అక్కడే ముగించవచ్చు. వయసు మీద పడటం సీడీకీ ఉంది. 1988 నుంచి 1993 వరకు ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కర్మాగారంలో తయారైన కొన్ని సీడీలు అంచుల నుంచి రాగి రంగుకు తిరిగి పాడవుతూ వచ్చాయి. పైపూత సరిపడక లోపలి వెండి పొర కవరు కాగితంలోని గంధకంతో కలిసి నల్లబడటమే కారణం. సీడీ శాశ్వతమని చెప్పి అమ్మిన రోజులవి.

మరి ‘అమ్మకానికి కాదు, కంపెనీ ఆస్తి’ అని ముద్ర ఉన్నదాన్ని అమ్మవచ్చా? ఈ ప్రశ్న అమెరికాలో కోర్టుదాకా వెళ్ళింది. కాలిఫోర్నియాలో ఒక వ్యాపారి పాత సామాన్ల దుకాణాల్లో దొరికిన ప్రోమో సీడీలు కొని, ఈబే వేలంలో అమ్మేవాడు. 2007లో యూనివర్సల్ కంపెనీ అతని మీద దావా వేసింది. ఆ సీడీలు మావే, వాడుకోవడానికి ఇచ్చామే తప్ప ధారాదత్తం చేయలేదని వాదన. 2008లో కింది కోర్టు, 2011 జనవరిలో అప్పీలు కోర్టు వ్యాపారి పక్షాన తీర్పు చెప్పాయి. అడగకుండా పంపారు, తిరిగి ఇమ్మని ఎన్నడూ అడగలేదు, ఎవరి దగ్గర ఏది ఉందో లెక్క కూడా ఉంచుకోలేదు. అలాంటప్పుడు అది కానుకే, పుచ్చుకున్నవాడు దాన్ని అమ్ముకోవచ్చు అని సారాంశం. 1908లోనే అక్కడి సుప్రీంకోర్టు ఒక నవల విషయంలో ఇలాంటి మాటే అంది. డాలరుకు తక్కువకు అమ్మరాదని ప్రచురణకర్త పుస్తకంలో అచ్చువేస్తే, మేసీ దుకాణం వారు 89 సెంట్లకు అమ్మారు. ఒకసారి చేతులు మారిన ప్రతి మీద అచ్చుముద్రతో పెత్తనం చెల్లదన్నారు. ఆస్తి రిజిస్టరు రాయనివాడికి ఆస్తి మీద హక్కు నిలవదని మన స్టోర్సు విభాగం వారు ఏనాడో గ్రహించారు. మందుల శాంపిళ్ళ సంగతి మాత్రం వేరు, వాటికి ఈ తీర్పు వర్తిస్తుందనుకుని ఎవరూ బజారుకు వెళ్ళవద్దు!

ఇప్పుడు కొత్త పాట రేడియోలకు ఎక్కువగా కంప్యూటరు ఫైలుగానే వెళుతున్నది. దాని మీద ముద్ర లేదు, అచ్చుతప్పు లేదు, దాచుకోవడానికి చేతికందేదీ లేదు.

మన ఇళ్ళలో వీటిలో ఏదైనా ఉండే అవకాశం ఉందా అని అడగవచ్చు. ఇంగ్లండు తెల్ల లేబుళ్ళు దొరకడం కష్టం. మన దేశానికే ప్రత్యేకమైన వింత మరొకటి ఉంది. విదేశాల్లో 78 చుట్ల ప్లేట్లు ఆగిపోయిన తర్వాత కూడా కరెంటు లేని ఊళ్ళలో తాళం తిప్పే గ్రామఫోన్లు ఉండటంతో, కలకత్తా దగ్గర డమ్ డమ్‌లోని గ్రామఫోను కంపెనీ 1960ల మధ్య దాకా బీటిల్స్ పాటలను 78 చుట్ల ప్లేట్లుగా అచ్చువేసింది. ఇంగ్లండు సేకర్తలు వీటి కోసం పడిచస్తారు. అటక మీద పాత ప్లేట్లుంటే పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు లేబులు మీది పేరు, నంబరు చదవండి. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవవద్దు, లక్క స్పిరిటులో కరుగుతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. లేబులు మీద ఎవరైనా పేరో తేదీయో రాసి ఉంటే చెరపకండి.